ఒక వ్యాధి నేర్పిన పాఠం – మరొక వ్యాధికి టీకా

మశూచికి విరుగుడు పశువుల కొట్టంలో దొరికిన సంగతి చాలమందికి తెలిసినదే. ఇంగ్లండులో పాలు పితికే స్త్రీలకు ఆవుల పొదుగుల మీది పొక్కుల నుండి చేతులకు ఒక తేలికపాటి జబ్బు అంటుకొనేది. ఆ జబ్బు వచ్చి తగ్గినవారికి మశూచి సోకదని అక్కడి పల్లెలలో చెప్పుకొనేవారు. ఎడ్వర్డ్ జెన్నర్ అనే వైద్యుడు 1796వ సంవత్సరంలో ఆ మాటను పరీక్షకు పెట్టాడు. గోమశూచి పొక్కులోని రసాన్ని ఎనిమిదేళ్ళ బాలునికి ఎక్కించి, కొన్నాళ్ళ తరువాత మశూచి రసాన్ని ఎక్కించి చూడగా, ఆ బాలునికి మశూచి రాలేదు. ఈ మార్గాన బయలుదేరిన టీకాల వల్లనే చివరకు మశూచి భూమి మీద లేకుండా పోయింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ సంగతిని ప్రకటించింది.

ఇక్కడ ఒక వ్యాధి మరొక వ్యాధిని అడ్డుకొన్నది. ఐతే జెన్నర్ కాలానికి వైరస్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. ఆయన అరువు తెచ్చుకొన్నది తేలికపాటి వ్యాధినే గాని, వ్యాధిని గురించిన జ్ఞానాన్ని కాదు. అట్లా అరువుకు దొరికే సాధువైన చుట్టం ప్రతి వైరస్‌కూ ఉండదు. కాబట్టి శాస్త్రజ్ఞులు మరొక దారి వెదకవలసి వచ్చింది. ఒక వైరస్ జీవకణంలోకి ఎట్లా ప్రవేశిస్తుందో క్షుణ్ణంగా తెలిసికొని, ఆ జ్ఞానంతో మరొక వైరస్‌ను అడ్డుకోవటమే ఆ దారి.

2020లో కోవిడ్-19 టీకాలు ఏడాది తిరగకముందే సిద్ధం కావటానికి ఇది ఒక ముఖ్య కారణం. ఆ కథ కరోనా వైరస్ కంటే చాల ముందు, పసిపిల్లల ఊపిరితిత్తులను బాధించే వేరొక వైరస్‌తో, ఒక ఘోరమైన వైఫల్యంతో మొదలయింది.

పాత పద్ధతి, కొత్త వ్యాధి

ఆ వైరస్ పేరు రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్. క్లుప్తంగా ఆర్.ఎస్.వి. అంటారు. శ్వాసమార్గంలోని జీవకణాలలో ఇది చేరినప్పుడు, పక్కపక్కనున్న కణాల పొరలు కరిగి, కణాలన్నీ కలిసి ఒకే ముద్దగా తయారవుతాయి. అట్టి ముద్దను సిన్సీషియం అంటారు. ఆ పేరే వైరస్‌కు వచ్చింది. అమెరికాలో 1956లో జలుబు చేసిన చింపాంజీలలో దీనిని మొదటిసారి గుర్తించారు. ఆ వెనుక కొద్దికాలానికే రాబర్ట్ చానాక్, ఆయన సహచరులు జబ్బుపడిన శిశువులలోను దీనిని కనుగొన్నారు.

రెండేళ్ళు నిండేలోగా ఇంచుమించు ప్రతి బిడ్డకూ ఈ వైరస్ ఒకసారైనా సోకుతుంది. చాలమందికి అది జలుబుతో పోతుంది. కాని నెలల పిల్లలకు చిన్న శ్వాసనాళాలు వాచి, ఊపిరి ఆడక, న్యుమోనియా రావచ్చు. ప్రపంచం మొత్తం మీద ఐదేళ్ళలోపు పిల్లలలో ఏటా సుమారు లక్షమంది దీనివల్ల మరణిస్తున్నారని అంచనా. వారిలో అత్యధికులు పేద దేశాల పిల్లలే.

ఇట్టి వ్యాధికి టీకా కావాలని వైద్యులు ఆత్రపడటంలో వింత లేదు. అప్పటికి వారి కళ్ళ ముందు ఒక గొప్ప విజయం ఉన్నది. జోనస్ సాక్ తయారు చేసిన పోలియో టీకా 1955లో వాడుకలోకి వచ్చింది. పోలియో వైరస్‌ను ఫార్మలిన్‌తో చంపి, చచ్చిన వైరస్‌ను శరీరంలోకి ఎక్కించటమే అందులోని కిటుకు. బడి ప్రయోగశాలలో కప్పలను, చేపలను చెడకుండా నిలువ చేసే ద్రవమే ఈ ఫార్మలిన్. చచ్చిన వైరస్ వ్యాధిని కలిగించలేదు గాని, శరీరం దానిని శత్రువుగా గుర్తుపట్టి ప్రతిరక్షకాలను తయారు చేసుకొంటుంది.

1960ల నడుమ అదే పద్ధతిని ఆర్.ఎస్.వి.కి ప్రయోగించారు. టీకా వేసిన శిశువుల రక్తంలో ప్రతిరక్షకాలు పుట్టాయి. అంతా సవ్యంగా ఉన్నట్లే కనిపించింది. ఆ తరువాత 1966-67 శీతకాలంలో అసలు వైరస్ ఆ పిల్లల మధ్యకు వచ్చింది. టీకా పొంది, వైరస్ సోకిన శిశువులలో నూటికి 80 మందిని ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఈ టీకా పొందని పిల్లలలో వైరస్ సోకి ఆసుపత్రి దాకా వచ్చినవారు నూటికి 5 మంది మాత్రమే. టీకా పొందినవారిలో ఇద్దరు శిశువులు మరణించారు. కాపాడవలసిన టీకాయే వ్యాధిని తీవ్రం చేసింది!

ఒక వ్యాధిలో నెగ్గిన పద్ధతి మరొక వ్యాధిలో ఇంత ఘోరంగా ఎందుకు ఓడిపోయింది? ఈ ప్రశ్నకు సరియైన సమాధానం దొరకటానికి సుమారు అర్ధ శతాబ్దం పట్టింది. అంతకాలమూ ఆర్.ఎస్.వి. టీకా అంటేనే పరిశోధకులు జంకుతూ వచ్చారు.

ఒకే ప్రొటీనుకు రెండు రూపాలు

సమాధానం వైరస్ పైపొర మీద ఉన్నది. ఆర్.ఎస్.వి. పైపొర నుండి పొడుచుకొని వచ్చిన ప్రొటీనులలో ఒకదానిని సంలీన ప్రొటీను అనవచ్చు. వైరస్ పొరను జీవకణపు పొరతో కలిపివేయటం దాని పని. రెండు పొరలూ కలిస్తేనే వైరస్‌లోని పదార్థం కణంలోకి దిగుతుంది. పొరలు కలవకపోతే వైరస్ వాకిట్లోనే నిలిచిపోతుంది.

ఈ ప్రొటీను పని ఎలుకల బోనును పోలి ఉంటుంది. బోను తీసి పెట్టినప్పుడు దాని తీగచుట్ట బిగిసి, విడిపోవటానికి సిద్ధంగా ఉంటుంది. ఎలుక ఎరను తాకగానే చటుక్కున విడిపోయి మరొక ఆకారం పొందుతుంది. సంలీన ప్రొటీను కూడ మొదట పొట్టిగా, ముడుచుకొని, బిగిసి ఉంటుంది. ఇది పూర్వరూపం. జీవకణం తగలగానే అది సాగి, కణపు పొరలోకి గుచ్చుకొని, మళ్ళీ రెండుగా మడుచుకొని, ఆ రెండు పొరలనూ దగ్గరకు లాగుతుంది. అప్పటికి దాని ఆకారం సన్నగా, పొడవుగా మారిపోతుంది. ఇది అనంతరరూపం. ఒకసారి ఈ రూపానికి వచ్చిన ప్రొటీను తిరిగి పూర్వరూపానికి పోలేదు.

చిక్కంతా ఇక్కడే. పూర్వరూపం నిలకడ లేనిది. వేడి తగిలినా, రసాయనం తగిలినా, ఒక్కొక్కప్పుడు ఊరికేనే అది అనంతరరూపానికి మారిపోతుంది. ఫార్మలిన్‌తో చంపిన వైరస్ మీద మిగిలినది చాలవరకు అనంతరరూపమే. ఒక ఊరి కావలివానికి దొంగను గుర్తుపట్టటం నేర్పవలసి వచ్చిందనుకొందాం. దొంగ ఊళ్ళోకి వచ్చేటప్పుడు వేసికొనే వేషాన్ని చూపితే ఉపయోగం. పని ముగించుకొని పారిపోయేటప్పటి వేషాన్ని మాత్రమే చూపితే, వాకిట్లోకి వచ్చిన దొంగను కావలివాడు ఆపలేడు. 1966నాటి టీకా చేసింది ఇదే.

దీనినిబట్టి ఒక ముఖ్యమైన భేదాన్ని గ్రహించాలి. ప్రతిరక్షకాలన్నీ ఒక్కటి కావు. వైరస్‌కు కేవలం అంటుకొనేవి కొన్ని, అంటుకొని దాని ప్రవేశాన్ని అడ్డుకొనేవి కొన్ని. ఆ శిశువుల రక్తంలో మొదటి రకం హెచ్చుగాను, రెండవ రకం తక్కువగాను ఉన్నాయి. అడ్డుకోలేని ప్రతిరక్షకాలు వైరస్‌తో కలిసి గుంపులు కట్టి ఊపిరితిత్తులలో పేరుకొన్నాయి. రక్షణ వ్యవస్థ కూడ దారి తప్పి, అక్కడ వాపును పెంచింది. రక్తంలో ప్రతిరక్షకాలు పుట్టాయా అని మాత్రమే చూస్తే చాలదనీ, అవి ఏ రూపాన్ని చూసి పుట్టాయో కూడ చూడాలనీ అప్పుడు తెలిసివచ్చింది.

రూపాన్ని కట్టివేయటం

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన టీకా పరిశోధన కేంద్రంలో బార్నీ గ్రాహం అనే వైద్యుడు చాలకాలంగా ఆర్.ఎస్.వి. మీద పనిచేస్తున్నాడు. అదే భవనంలో జేసన్ మెక్‌లెల్లన్ అనే యువ శాస్త్రజ్ఞుడు పీటర్ క్వాంగ్ ప్రయోగశాలలో ఎయిడ్స్ వైరస్ ప్రొటీనుల ఆకారాలను పరిశోధిస్తున్నాడు. ఇద్దరూ కలిశారు. మానవుల నుండి లభించిన డి-25 అనే ఒక ప్రతిరక్షకం ఆర్.ఎస్.వి.ని గట్టిగా అడ్డుకొంటున్నదని అప్పటికే తెలుసు. అది పూర్వరూపాన్ని మాత్రమే పట్టుకొంటుంది. అది పట్టుకొని ఉండగా ప్రొటీను రూపం మార్చుకోలేదు. అట్లా పట్టువడ్డ ప్రొటీనును స్ఫటికంగా మార్చి, ఎక్స్-కిరణాల సాయంతో దాని ఆకారాన్ని 2013లో వారు తేల్చారు.

ఆకారం తెలిసిన తరువాత దానిని కట్టివేయటం సాధ్యమయింది. ప్రొటీను అంటే ఎమినో ఆమ్లాల గొలుసు గదా! ఆ గొలుసులో సరియైన తావులలో కొన్ని ఎమినో ఆమ్లాలను మార్చారు. ఒకచోట రెండు గంధకపు పరమాణువుల మధ్య బంధం ఏర్పడేటట్లు చేసి, కదిలే భాగాన్ని కదలని భాగానికి కుట్టివేశారు. మరొకచోట ప్రొటీను లోపలి ఖాళీని కాస్త పెద్ద ఎమినో ఆమ్లాలతో పూడ్చారు. ఇట్లా నిలకడ పొందిన ప్రొటీనును ఎలుకలకు, కోతులకు ఎక్కించగా, అనంతరరూపం కంటే ఎన్నో రెట్లు మేలైన ప్రతిరక్షకాలు పుట్టాయి. 2019లో ప్రకటించిన మానవ పరీక్షలో, టీకా పొందినవారి రక్తానికి వైరస్‌ను అడ్డుకొనే శక్తి పది రెట్లకు మించి పెరిగింది.

ఆర్.ఎస్.వి. నుండి కరోనా వైరస్‌కు

2002-03లో సార్స్ అనే కరోనా వైరస్ వ్యాధి చైనాలో పుట్టి, అనేక దేశాలకు వ్యాపించి, 8,000 మందికి పైగా సోకి, 774 మందిని చంపింది. 2012లో సౌదీ అరేబియాలో మెర్స్ అనే మరొక కరోనా వైరస్ వ్యాధి బయటపడింది. అది ఒంటెల నుండి మనుషులకు సోకుతున్నదని తేలింది. గుర్తించిన రోగులలో నూటికి సుమారు 35 మంది మరణించారు.

కరోనా వైరస్‌లు ఆర్.ఎస్.వి.కి దగ్గరి చుట్టాలు కావు. వాటి కుటుంబాలు వేరు. ఐనా కణంలోకి చొరబడే యంత్రం మాత్రం ఒకే తీరున ఉన్నది. కరోనా వైరస్ పైపొర మీది కొమ్ము ప్రొటీను కూడ తీసి పెట్టిన బోనులాగా బిగిసి ఉండి, కణం తగలగానే విడిపోతుంది. ఆర్.ఎస్.వి. నేర్పిన పాఠం ఇక్కడ పనికివస్తుందా? గ్రాహం, మెక్‌లెల్లన్, వీరితోపాటు నియన్‌షువాంగ్ వాంగ్, ఆండ్రూ వార్డ్, కిజ్మెకియా కార్బెట్ మొదలైనవారు ఈ ప్రశ్నను చేపట్టారు.

ఆర్.ఎస్.వి.లో వేసిన కుట్లనే తెచ్చి ఇక్కడ వేయటం కుదరదు, ఏలనంటే ఈ ప్రొటీను గొలుసు వేరు. అరువు తెచ్చుకోదగినది సూత్రమే. పూర్వరూపాన్ని కట్టివేయాలి, ఎక్కడ, ఎట్లా అన్నది కొత్తగా వెదకాలి. వారికి ప్రోలీన్ అనే ఎమినో ఆమ్లం ఉపయోగపడింది. మిగిలిన ఎమినో ఆమ్లాల పక్కగొలుసులు స్వేచ్ఛగా వేలాడుతుంటే, ప్రోలీన్ పక్కగొలుసు మాత్రం తిరిగివచ్చి ప్రధాన గొలుసుకే అతుక్కొని వలయంగా ఏర్పడుతుంది. అందుచేత అది బిరుసు. ప్రొటీను విడిపోయేటప్పుడు వంపుగా ఉన్న ఒక భాగం సాగి, నిటారైన సర్పిలంగా మారాలి. సరిగ్గా ఆ వంపులో ప్రోలీన్ ఉంటే సాగటం కుదరదు. బోను తీగకు చీల కొట్టినట్లే! ఇన్‌ఫ్లుయెంజా, ఎయిడ్స్ వైరస్‌ల ప్రొటీనులలో ప్రోలీన్‌ను ఇట్లా వాడవచ్చునని అంతకు ముందే కొందరు చూపి ఉన్నారు. పక్కపక్కన రెండు ప్రోలీన్‌లను చేర్చగా మెర్స్ కొమ్ము ప్రొటీను నిలకడగా పూర్వరూపంలో ఉండిపోయింది. ఈ ఫలితం 2017లో వెలువడింది. అదే మార్పు ఇతర కరోనా వైరస్‌లలోను పనిచేస్తున్నదని కూడ వారు చూపారు. అప్పటికి కోవిడ్-19 అనే పేరు లోకంలో లేదు.

2020 జనవరి

చైనాలోని వూహాన్ నగరంలో కొత్త న్యుమోనియాకు కారణమైన వైరస్ జన్యుక్రమాన్ని 2020 జనవరి రెండవ వారంలో చైనా శాస్త్రజ్ఞులు లోకానికి వెల్లడించారు. అది చూడగానే అది కరోనా వైరస్ అని తెలిసిపోయింది. దాని కొమ్ము ప్రొటీనులో 1,273 ఎమినో ఆమ్లాలు ఉన్నవి. వాటిలో 986, 987 స్థానాలలోని రెండింటిని తీసివేసి ప్రోలీన్‌లు పెట్టవలెనని మెర్స్ పరిశోధనను బట్టి వెంటనే నిర్ణయించగలిగారు. మొదటి టీకా మానవ పరీక్ష మార్చి 16వ తేదీన అమెరికాలోని సియాటిల్‌లో మొదలయింది. జన్యుక్రమం తెలిసిన నాటి నుండి అప్పటికి గడిచినవి 66 రోజులు.

ఇంత వేగానికి మరొక కారణం వార్తాహర ఆర్.ఎన్.ఏ. పద్ధతి. ప్రొటీనుకు బదులు దానిని తయారు చేసే ఆదేశాన్నే శరీరానికి అందించటం ఇందులోని విశేషం. దీనికి పునాది వేసిన కటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్‌లకు 2023లో నోబెల్ బహుమానం లభించింది. ఆర్.ఎన్.ఏ. అనేది ఉత్తరం మోసుకొనిపోయే రాయబారి వంటిదైతే, ఆ ఉత్తరంలో ఏమి వ్రాయాలో చెప్పినది ఆర్.ఎస్.వి., మెర్స్ పరిశోధనలు. మోడర్నా, ఫైజర్-బయోఎన్‌టెక్, జాన్సన్ అండ్ జాన్సన్, నోవావాక్స్ టీకాలు నాలుగింటిలోను ఆ రెండు ప్రోలీన్‌లు ఉన్నవి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం రూపొందించగా మన దేశంలో కోవిషీల్డ్ పేరుతో వచ్చిన టీకాలో ఈ మార్పు లేదు. ఐనా అదీ వ్యాధి తీవ్రతను తగ్గించింది. కాబట్టి గెలుపంతా రెండు ఎమినో ఆమ్లాలదే అనుకోరాదు. అవి పనిని మరింత నమ్మకమైనదిగా, త్వరితమైనదిగా చేశాయి.

హైదరాబాదులో రెండు ఉదాహరణలు

ఒక వ్యాధి పాఠాన్ని మరొక వ్యాధికి వాడుకోవటం హైదరాబాదులో తయారైన టీకాలలోను కనిపిస్తుంది. బయోలాజికల్-ఇ సంస్థ తయారు చేసిన కోర్బెవాక్స్‌ను చూడండి. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో పీటర్ హోటెజ్, మరియా ఎలెనా బొట్టాజీల బృందం సార్స్ వ్యాధికి ఒక టీకాను రూపొందించింది. కొమ్ము ప్రొటీనులో కణాన్ని పట్టుకొనే భాగాన్ని మాత్రమే ఈస్ట్ కణాలలో తయారు చేయటం వారి పద్ధతి. ఐతే సార్స్ అప్పటికే మాయమైపోయినందున, ఆ టీకాను మనుషులలో పరీక్షించటానికి ధనసహాయం దొరకలేదు. కోవిడ్-19 రాగానే ఆ పద్ధతినే కొత్త వైరస్‌కు వర్తింపజేసి, పేటెంటు హక్కులు కోరకుండా ఇచ్చారు. ఈస్ట్‌తో టీకా తయారు చేయటం హైదరాబాదుకు కొత్త కాదు. కామెర్లను కలిగించే హెపటైటిస్-బి వ్యాధికి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ ఆ విధంగానే తయారు చేసిన టీకా 1997లోనే వెలువడింది. కోర్బెవాక్స్‌కు 2021 డిసెంబరులో అనుమతి లభించింది. 2022 మార్చి నుండి 12-14 సంవత్సరాల పిల్లలకు దానిని వేశారు.

రెండవది భారత్ బయోటెక్ వారి కొవాక్సిన్. ఇది చంపిన వైరస్‌తో చేసిన టీకా. చంపిన వైరస్ అనగానే 1966నాటి అనుభవం పరిశోధకులకు గుర్తురాక మానదు. టీకా పొందిన తరువాత అసలు వైరస్ సోకితే ఊపిరితిత్తులు మరింత చెడవు గదా అని ముందే చూసికోవాలి. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థలో రీసస్ కోతులకు ఈ టీకా వేసి, తరువాత వైరస్‌ను సోకించి పరిశీలించారు. టీకా పొందిన కోతులలో న్యుమోనియా లక్షణాలు కనిపించలేదు. ఇద్దరు శిశువుల మరణం నేర్పిన జాగ్రత్త ఇట్లా యాభై ఏళ్ళు దాటిన తరువాత కూడ పనిచేసింది.

పాఠాన్ని గుడ్డిగా అప్పగించరాదు

జ్ఞానాన్ని ఒక వ్యాధి నుండి మరొక వ్యాధికి తీసికొనిపోవటంలో ప్రమాదమూ ఉన్నది. డెంగీ జ్వరాన్ని కలిగించే వైరస్‌లు నాలుగు రకాలు. అవి అన్నదమ్ముల వంటివి. ఒక రకం సోకి తగ్గినవారిలో పుట్టిన ప్రతిరక్షకాలు, రెండవ రకం సోకినప్పుడు దానిని అడ్డుకోలేకపోగా, కణంలోకి పోవటానికి దానికి తోడ్పడవచ్చు. అంతకు ముందు ఎన్నడూ డెంగీ సోకని పిల్లలకు ఒక టీకా వేసినప్పుడు, తరువాత వ్యాధి తీవ్రంగా వచ్చే అవకాశం పెరుగుతున్నదని 2017లో బయటపడింది. గోమశూచి విషయంలో మేలు చేసిన చుట్టరికం డెంగీ విషయంలో కీడు చేసింది. పోలియోకు పనికివచ్చిన ఫార్మలిన్ ఆర్.ఎస్.వి.కి పనికిరాలేదు. పోలికను చూసి ఊహించటం మంచిదే, కాని ఊహను ప్రతి వ్యాధిలోను విడిగా పరీక్షించి చూడక తప్పదు.

తిరిగి మొదటి వ్యాధికి

ఆర్.ఎస్.వి. నేర్పిన పాఠం కోవిడ్-19కు ఉపయోగపడిన తరువాతనే ఆర్.ఎస్.వి.కి టీకా వచ్చింది. పూర్వరూప ప్రొటీనుతో చేసిన రెండు టీకాలను 2023 మే నెలలో అమెరికాలో వృద్ధులకు అనుమతించారు. వాటిలో ఒకదానిని ఆగస్టులో గర్భిణీ స్త్రీలకు కూడ అనుమతించారు. తల్లి శరీరంలో పుట్టిన ప్రతిరక్షకాలు మావి ద్వారా శిశువుకు చేరి, పుట్టిన తరువాత మొదటి నెలలలో కాపాడుతాయి. డి-25 ప్రతిరక్షకాన్ని మెరుగుపరచి చేసిన నిర్సెవిమాబ్ అనే మందును నేరుగా శిశువులకే ఇవ్వవచ్చు. 1966లో ఏ వయస్సు పిల్లలకు కీడు జరిగిందో, ఆ వయస్సు పిల్లలకే ఇప్పుడు రక్షణ దొరికింది. ఐతే ఆర్.ఎస్.వి. మరణాలు అత్యధికంగా సంభవించే పేద దేశాలకు ఈ మందులు అందవలసి ఉన్నది. అంతవరకు ఈ పని సగమే అయినట్లు లెక్క.

కేరళలో 2018లోను, తరువాత కూడ బయటపడిన నిపా వైరస్ పైపొర మీద కూడ ఇట్టి సంలీన ప్రొటీనే ఉన్నది. దాని పూర్వరూపాన్ని నిలబెట్టి చేసిన ఒక టీకా మానవ పరీక్ష 2022లో అమెరికాలో ప్రారంభమయింది.

ఉపాధ్యాయులు తరగతిలో ప్రొటీనుల నిర్మాణం బోధించేటప్పుడు, ఎమినో ఆమ్లాల పేర్లు కంఠస్థం చేయటం వల్ల ఏమి లాభమని విద్యార్థులు అడుగుతూ ఉంటారు. ప్రోలీన్ పక్కగొలుసు తిరిగివచ్చి ప్రధాన గొలుసుకు అతుక్కొంటుందనే చిన్న సంగతి మీద కోట్లమంది పొందిన టీకా ఆధారపడి ఉన్నదని వారికి చెప్పవచ్చు. సార్స్ మాయమైన తరువాత, మెర్స్ దూరదేశపు వ్యాధిగా ఉన్న రోజులలో, ఆ పరిశోధన వెంటనే ఏ రోగికీ ఉపయోగపడలేదు. కాని అది ఆగిపోలేదు గనుకనే 2020 జనవరిలో పని మొదటి నుండి మొదలుపెట్టవలసిన అవసరం రాలేదు.